ఆపించిన వార్త

మొన్న అంబాజీపేట మీదుగా వస్తుంటే ఎండుకొబ్బరి వాసన బస్సు కిటికీలోంచి గుప్పుమంది. నాకు సత్యవతి గారు గుర్తొచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, అక్కడే ఒక కొబ్బరి కొట్టు మీది మేడగదిలో ఆవిడ కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నేను అమలాపురంలో ఒక దినపత్రికకు విలేకరిని. తెలుగు టైపింగ్ నేర్చుకుందామని వెళ్లి, అది వచ్చాక కూడా ఆ మెట్లెక్కడం మానలేదు.

ఆవిడ ధ్యాసంతా కెర్నల్ మీద. కంప్యూటర్లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ మెమరీలో చోటు పంచి, అనుమతులిచ్చే పెద్ద అది. ఒక రకం కెర్నల్ రాసిన తీరు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆవిడ దాన్ని అచ్చు తీసుకుని, పెన్సిలుతో గీతలు పెడుతూ చదివేవారు. ఒకరోజు నన్ను కిటికీ దగ్గరకు పిలిచారు. కింద ఒక వ్యాపారి, తాను ఎంచి చూసిన కాయల రాశి మీదే కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎందుకు కూర్చున్నాడంటారు?"

"కాళ్లు నొప్పేమోనండీ."

"మీరు విలేకరెలా అయ్యేరండీ బాబూ! చూసేక, లారీకెక్కించేలోగా ఎవరన్నా కాయలు మార్చేస్తారని. మన కెర్నల్ రాశి చూస్తోంది గానీ దాని మీద కూర్చోవట్లేదండి."

ఆవిడ కనిపెట్టిన లోపం అదే. కెర్నల్ మెమరీలో ఒక చోటును సరిచూసి వాడబోయే రెప్పపాటులో, ఇంకో పని దాన్ని ఖాళీ చేసి వేరేవాళ్లకు ఇచ్చేస్తోంది. కెర్నల్ పాతదే అనుకుని వాడేస్తోంది. ఆ సందు తెలిసినవాడు యంత్రం మొత్తాన్ని చేజిక్కించుకోవచ్చు.

ఆ కెర్నల్‌ను నిర్వహించేవాళ్లకు ఆవిడ మెయిల్ పంపారు. నేనేమో లోపం ఎక్కడుందో సహా వార్త రాసి మా పత్రిక డెస్కుకు పంపేశాను. మర్నాడు జిల్లా పేజీలో పైనే వేస్తామన్నారు. ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"ఆపించండి."

"మీ పేరు పెద్దక్షరాల్లో వస్తుందండీ!"

"ఆయ్, వస్తుంది. దిద్దడానికి నెల పడుతుందన్నారు వాళ్లు. ఈలోగా ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో నడిచే యంత్రాల మాటేంటండీ? పేరు చూసుకుని మురిసిపోనా?"

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. డెస్కువాళ్లు తిట్టారు గానీ ఆపారు.

నెల దాటాక దిద్దుబాటు వచ్చింది. కృతజ్ఞతల్లో ఆవిడ పేరు లేదు. అదే లోపాన్ని ఆవిడకన్నా రెండు రోజుల ముందే తెలియజేసిన మరెవరి పేరో ఉంది. నేను వార్త మళ్లీ పంపితే, "మొదట కనిపెట్టింది ఆవిడ కాదుగా" అని పక్కన పడేశారు. ఆ సంగతి చెప్పలేక మెట్ల మీదే ఆగిపోయాను. ఆవిడే పైనుంచి చూశారు.

"రండి, అక్కడే నిలబడిపోయేరేం? ఆ పేరొచ్చినవాళ్లూ నేనూ ఎక్కడెక్కడో కూర్చుని ఒకటే చూసేమంటే, నేను చదివింది తప్పు కాదన్నమాటేగా అండీ."

నవ్వుతూనే అన్నారు. పెన్సిలు చెక్కుతూ మొహం అటు తిప్పుకున్నారు.

ఆ తర్వాత ఎన్నో వార్తలు అందరికన్నా ముందు తెచ్చాను. చాలావాటిని మరిచిపోయాను. చేతిలో వార్త ఉన్నా, దానివల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో తేలకపోతే ఇప్పటికీ ఫోనెత్తి కాసేపు ఆపమంటాను. మా డెస్కులో నాకు నెమ్మది మనిషని పేరు. అది ఆ మేడగదిలో వచ్చిన పేరని వాళ్లకెప్పుడూ చెప్పలేదు.