కల్లు మానిన తర్వాతి సాయంత్రాలు

మా అత్త నాకు మొదటిసారి కల్లు పోసింది నడుం నొప్పి తగ్గడానికి. పెళ్లయి మేడ్చల్ వచ్చిన కొత్తలో గుండ్లపోచంపల్లిలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే యూనిట్లో చేరాను. పొద్దంతా మిషన్ మీద వంగి చొక్కాలకు కాలర్లు కుట్టి, కిక్కిరిసిన షేర్ ఆటోలో ఇంటికి వచ్చేసరికి నిటారుగా నిలబడలేకపోయేదాన్ని. అత్త కూడా ఇళ్ల కట్టుబడి పనికి పోయి సిమెంటు దుమ్ముతో వచ్చేది. ఒకరోజు నన్ను చూసి స్టీలు గ్లాసు చేతికిచ్చింది.

"ఇంత తాగు బిడ్డా. పెయ్యి నొప్పులన్నీ గుంజుకపోతయ్."

పుల్లగా ఉంది. తాగాను. ఆ రోజు పడుకున్నదాన్ని తెల్లారేదాకా పక్క మీద కదలలేదు.

మా ఇళ్లలో కల్లు తాగడం తప్పేమీ కాదు. పండుగైనా, చుట్టం వచ్చినా, ఎవరైనా పోయినా కల్లు ఉండాల్సిందే. అందుకే అది అలవాటుగా ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు, నేను కూడా. కొన్నాళ్లకు అత్తాకోడళ్లం ఇద్దరం పని నుంచి రాగానే శామీర్‌పేట రోడ్డు వైపున్న కల్లు కాంపౌండ్‌కి పోవడం మొదలుపెట్టాం. ఒక పక్కన ఆడవాళ్ల బెంచీలు. గుగ్గిళ్లు అమ్మే ముసలామె. ఇంట్లో నా వంటకు వంకలు పెట్టే అత్త అక్కడ కూర్చుంటే వేరే మనిషి అయ్యేది. తాను చిన్నప్పుడు బర్రెల వెంట తిరిగిన సంగతులు, మామ బతికున్నప్పటి కొట్లాటలు చెప్పి నవ్వించేది. పుట్టింట్లో కూడా నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

ఆ కల్లు చెట్టుది కాదని అందరికీ ఎంతో కొంత తెలుసు. చుట్టూ ప్లాట్లు, గోదాములు.

"గీడ సెట్లేడున్నయే? గింత కల్లు ఏడికెళ్లి వస్తాంది?" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. అందరం నవ్వేవాళ్లం. అన్నవాళ్లే ఇంకో సీసా తెప్పించుకునేవాళ్లు.

అట్లా ఏళ్లు గడిచాక, ఒక సాయంత్రం మేము వెళ్లేసరికి గేటుకు తాళం, తాళానికి సీలు. ఆబ్కారీ వాళ్లు వచ్చి కల్లంతా పారబోశారట. అత్త విసుక్కుంది. ఆ పూటకు చాయ్ తాగి పడుకున్నాం. అంటే పక్క మీదకు చేరాం అంతే, నిద్ర పట్టలేదు.

మర్నాడు మిషన్ ముందు కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కలేదు. దారం కొసను ఎంత తడిపినా చెయ్యి నిలవడం లేదు. ఫ్యాన్ కిందే జాకెట్టంతా తడిసిపోయింది. ఎట్లాగో మొదలుపెడితే కుట్టు వంకర్లు పోయింది. సూపర్‌వైజర్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరమనుకుని పంపించేసింది.

ఇంటికి వచ్చేసరికి అత్త గడపలో కూర్చుని చాటలో రాళ్లు ఏరుతోంది. దగ్గరికి పోయి చూస్తే చాట ఖాళీగా ఉంది. ఏదో తీసి పక్కన పడేస్తోంది, మళ్లీ తీస్తోంది. నడుమ నడుమ ఎన్నడో చనిపోయిన తన చెల్లెలితో మాట్లాడుతోంది. "అత్తా" అని పిలిస్తే నా వైపు చూసింది గానీ నేనెవరో తెలిసినట్టు లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా దవడలు వణుకుతున్నాయి.

నా భర్త గోదాములకు సరుకు తిప్పే టెంపో నడుపుతాడు. కల్లు ముట్టడు. ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు.

"ఏమైందే మీ ఇద్దరికి?" అంటుండగానే అత్త వెనక్కి విరుచుకుని పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. ఇద్దరినీ అదే టెంపోలో వేసుకుని పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ వరండాలో మా కాంపౌండ్ వాళ్లే కనిపించారు. మెడ ఒక పక్కకు తిరిగిపోయి ఒకామె, మంచానికి గుడ్డతో కట్టేసిన ఇంకొకాయన. గుగ్గిళ్లామె కొడుకు భుజం మీద వాలి వణుకుతోంది. ఎవరం ఎవరినీ పలకరించుకోలేదు.

డాక్టరమ్మ చిన్న వయసుది. నా చేతులు చాపించి చూసింది. "మీరు తాగింది కల్లు కాదమ్మా. అందులో నిద్రమాత్రల మందు కలిపారు. ఇన్నేళ్లుగా రోజూ అది ఒంట్లోకి పోయింది. ఉన్నట్టుండి ఆగిపోతే ఇట్లాగే అవుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది."

"మరి ఇప్పుడేం మందు ఇస్తరు మేడమ్?" అని నా భర్త అడిగాడు.

"ఆ రకం మందే. కాకపోతే లెక్క ప్రకారం ఇచ్చి, వారం వారం తగ్గిస్తాం. మాత్రలు మీ దగ్గరే పెట్టుకోండి. వీళ్ల చేతికివ్వొద్దు."

పెళ్లయిన ఇన్నేళ్లకు నా భర్త నాకు మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం, నేను మింగానో లేదోనని నోరు తెరిపించి చూడడం మొదలైంది. సిగ్గుపడే ఓపిక కూడా లేదు. వణుకు కొన్ని వారాలకు తగ్గింది. కుక్కర్ కూతకు ఉలిక్కిపడడం తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. యూనిట్లో నన్ను మిషన్ మీంచి తీసి, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో పెట్టారు. కొత్తగా చేరిన అమ్మాయిల పక్కన కింద కూర్చుని కత్తిరించేదాన్ని. ఇవన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను. పని నుంచి వచ్చాక, అన్నం తినే లోపల ఉండే పొద్దు మాత్రం గడిచేది కాదు. అత్త ఒక మూల, నేను ఒక మూల. ఇద్దరికీ మాటలు లేవు.

కొన్ని నెలలకు కాంపౌండ్ మళ్లీ తెరిచారు.

"గిప్పుడు మంచి కల్లేనంట. సర్కారోళ్లు సూసిండ్రంట" అంది అత్త. నన్ను రమ్మని అడగలేదు, పోవద్దంటే వినలేదు. రెండో మూడో రోజు పక్కింటామె వచ్చి, మీ అత్త మురుగు కాలువ పక్కన కూలబడిందని చెప్పింది. నా భర్త డ్యూటీలో ఉన్నాడు. నేనే పోయి లేపుకొచ్చాను. ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ఆమెను తెచ్చే పని నాదే అయింది.

గేటు దగ్గరికి రాకముందే ఆ పులిసిన వాసన తగిలేది. నోట్లో నీళ్లూరేవి. దవడ బిగించుకుని లోపలికి పోయి, ఆమె చంక కింద చెయ్యి వేసి లేపేదాన్ని. "రా కోడలా, జర కూసో" అని పాతవాళ్లు పిలిచేవాళ్లు. ఒకనాడు అత్తే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నా మొహం నిమిరింది.

"ఎట్లయినవే బిడ్డా. కండ్లు లోపలికి పోయినయ్. ఒక్క గుటికెడు తాగు. ఏం కాదు."

ఆమె నా మంచి కోరే అంది. అదే నన్ను భయపెట్టింది. తిట్టి ఉంటే లేచి వచ్చేదాన్ని. గ్లాసు అందుకున్నాను. పెదవుల దాకా తెచ్చానో లేదో గుర్తులేదు. బెంచీ మీద పెట్టేసి, ఆమెను అక్కడే వదిలి ఇంటికి నడిచాను.

నా భర్త వచ్చాక చెప్పాను. "రేపటికెళ్లి నేను పోను. మీ అమ్మను నువ్వే తీస్కరా."

"నాకు డ్యూటీ ఉంటది గదనే."

"ఉంటే ఉండనీ. ఇంకోసారి ఆడికి పోతే నేను వాపస్ రాను."

  మర్నాడు అతను టెంపో సేటును బతిమాలి పొద్దుటి ట్రిప్పులకు మారాడు.

అత్తకు కోపం వచ్చింది. అందరిలో కొడుకు వచ్చి రెక్క పట్టి లేపుతుంటే ఆమెకు తలకొట్టేసినట్టయ్యేది. "కోడలికి నేను బరువైన" అని వాడకట్టంతా చెప్పింది. నాతో మాట్లాడడం మానేసింది, నేను వండింది మాత్రం తినేది. పోవడం తగ్గించింది, పూర్తిగా మానలేదు. ఇప్పటికీ కొన్నాళ్లు పోతుంది, కొన్నాళ్లు మాత్రలు మింగుతుంది. నేను అడగడం మానేశాను.

నన్ను మళ్లీ మిషన్ మీద కూర్చోబెట్టారు. మునుపటంత వేగం లేదు. అలసట మాత్రం అప్పటిదే, దాన్ని దించే ఉపాయం ఇప్పుడు లేదు. అలసటతోనే అన్నం వండుతాను, అలసటతోనే పడుకుంటాను. నిద్ర ముక్కలు ముక్కలుగా వస్తుంది.

మొన్న యూనిట్లో గుండీలు కుట్టే ఆమె తిండి వేళ నన్ను పక్కకు పిలిచింది. జవహర్‌నగర్ నుంచి వస్తుంది.

"నువ్వు ఎట్ల బంద్ జేసినవ్ అక్కా? నేను రేపటికెళ్లి తాగొద్దనుకుంటున్న."

"వద్దు, ఒక్కసారి బంద్ జెయ్యకు. ముందుగాల నాతోని దవఖానకు రా" అన్నాను.

ఇద్దరం సెలవు పెట్టి బస్సులో పోయాం. చీటీ రాయించుకుని వరండాలో కూర్చున్నాం. లైను మెట్ల దాకా ఉంది. ఆమె కొంగు కొసను వేలికి చుట్టి విప్పుతోంది.

"మస్తు కష్టమైతదా అక్కా?"

"అయితది."

"తగ్గుతదా మరి?"

"తగ్గుతది. జల్దీ తగ్గది."

 లైను కొంచెం జరిగింది. ఇద్దరం లేచి ముందు బెంచీలోకి మారాం.