చాట్రాయి మామిడితోటలో మా అబ్బాయికి పాత లాటిన్ పూజ

బుడ్డోడా, నీకు పాత పూజ చేయించానురా. నల్ల వస్త్రాలు వేసుకుని, గురువుగారు బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో చేసే పూజ, నువ్వడిగిందే. ఎలా వెళ్ళానో, అక్కడ ఏం జరిగిందో ఇందులో రాస్తున్నా. ఇలాంటి పూజ కోసం తిరిగే తల్లులు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ పనికొస్తుంది. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోండి.

మా అబ్బాయి శౌరి చెన్నైలో ఏసీ మెకానిక్కుగా చేసేవాడు. మేం కతోలికులం, అక్కడ మావాళ్ళ గుళ్ళో, అంటే చర్చిలో, పాత పూజ చూసి దానికే అంటుకుపోయాడు. "అర్థంకాని భాషలో ఏం చూస్తావురా?" అని నవ్వితే, "ఆ పూజలో ఎవరూ మనకేసి చూడరమ్మా, అందరూ దేవుడి వైపే చూస్తారు" అనేవాడు. జనం చెప్పాల్సిన జవాబులన్నీ ఒక నోటుపుస్తకంలో తెలుగు అక్షరాలతో నాకు రాసిచ్చాడు. నేను కూర తరుగుతుంటే గురువుగారి మాట వాడు, జవాబు నేను. పోయినేడు డెంగీ జ్వరం వచ్చి ఇరవై ఆరేళ్ళకే వెళ్ళిపోయాడు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "స్వర్గానికెళ్ళాడని అందరూ అనేసి ఊరుకుంటారమ్మా. నువ్వు ఊరుకోకు. నాకు పాత పూజ పెట్టించు" అన్నాడు.

మా విచారణ గురువులని, అంటే మా ఊరి గుడి ఫాదర్ గారిని అడిగితే, "అది నా చేతిలో లేదమ్మా, మేత్రాణుల అనుమతి కావాలి" అన్నారు. పట్నంలో ఒకాయన ఎవరి అనుమతీ లేకుండా అద్దె హాల్లో చేస్తాడు, వెళ్ళమని కొందరు చెప్పారు. నా బిడ్డకి దొంగచాటు పూజ వద్దన్నాను. మేత్రాణులంటే బిషప్ గారు, ఆయన ఇంటికి నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి ఉత్తరం ఇచ్చారు. సంవత్సరీకం రోజున, ఒక్కసారి, విచారణ గుళ్ళో కాకుండా చాట్రాయి దగ్గర తోటలో ఉన్న చిన్న గుళ్ళో, అక్కడుండే రిటైరైన పెద్ద ఫాదర్ గారు చెయ్యొచ్చని.

మాది హనుమాన్ జంక్షన్. పొద్దున్న ఐదుంపావుకి బస్సెక్కితే ఆరింటికల్లా నూజివీడులో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ లేదు, మర్చిపోకుండా పట్టుకెళ్ళండి. ఆరున్నరకి చాట్రాయి పల్లెవెలుగు దొరికింది. మామిడి సీజను కదా, దారంతా కాయల లోడు ట్రాక్టర్లే, గంటంపావు పట్టింది. చాట్రాయి సెంటర్లో ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి మూడొందలు. నేను ఎక్కగానే డ్రైవర్ నాగేశ్వరరావు రెండు చిన్న రసాలు చేతిలో పెట్టాడు.

"తినండమ్మా, మా తోటవే."

"పూజ అయ్యేదాకా తినకూడదు బాబూ. రాత్రి పన్నెండు నుంచీ ఉపవాసం. మంచినీళ్ళయితే తాగొచ్చు."

"మా ఆవిడ కూడా శనివారం ఉపవాసమేనండి. ఆరు ఇడ్లీల మీద నెట్టుకొస్తుంది" అన్నాడు. చాలారోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఆరేడు కిలోమీటర్లు తోటల మధ్య మట్టిరోడ్డు. గుడి రేకుల షెడ్డంత ఉంది. ఎనభై దాటిన ఫాదర్ గారు, ఆయనకి వండిపెట్టే మార్తమ్మ ఖాళీ మామిడి ట్రేలు పాడెలాగా ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పాత పద్ధతిలో శవం లేకపోయినా ఉన్నట్టుగానే ఖాళీ పాడె పెట్టి, నల్లగుడ్డ కప్పి, చుట్టూ ఆరు కొవ్వొత్తులు వెలిగిస్తారు. నేను సంచిలోంచి వాడి ఫొటో, చామంతి దండ తీశాను.

"అవి లోపల పెట్టమ్మా" అన్నారు ఫాదర్ గారు. "ఈ పూజలో ఫొటోలూ పూలూ ఉండవు."

"నా కొడుకుకి ఒక్క దండ కూడా వెయ్యకూడదా? వాడెంత మంచివాడో మీకేం తెలుసు?"

"పాత పద్ధతి కావాలని మేత్రాణుల గుమ్మం అరగదీసింది నువ్వేగా? అందులో మంచివాడని పొగడటం ఉండదు, దయచూపమని అడగటమే ఉంటుంది."

దండ మడిచి, ఫొటోతో సహా సంచిలో పెట్టేశాను.

అప్పుడు ఫాదర్ గారికి ఫోనొచ్చింది. పూజకి బదులు చెప్పడానికి ముసునూరు నుంచి రావాల్సిన ముసలి ఉపదేశిగారికి, అంటే గుళ్ళో జపాలు నేర్పే ఆయనకి, బీపీ ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారట. ఫాదర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "బదులు చెప్పే మనిషి లేకుండా ఈ పూజ చెయ్యకూడదమ్మా. ఉత్తరంలో ఈ ఒక్కరోజే రాశారు."

"నేనున్నాగా ఫాదర్ గారూ, ఏమనాలో చెప్పండి అనేస్తా" అన్నాడు నాగేశ్వరరావు గుమ్మంలోంచి.

"నీకు ముందు జ్ఞానస్నానం ఇవ్వాలి కదయ్యా!" అని మార్తమ్మ నవ్వింది. నాకు మాత్రం ఏడాదిపాటు తిరిగింది ఇందుకా అనిపించింది. సంచిలో చెయ్యి పెట్టి నోటుపుస్తకం తీశాను. "నాకొచ్చండి" అన్నాను.

ఆయన నమ్మలేదు. "దోమినుస్ వోబీస్కుం" అన్నారు. ప్రభువు మీతో ఉండునుగాక అని.

"ఎత్ కుం స్పీరితు తువో" అన్నాను, మీ ఆత్మతోనూ ఉండునుగాక అని. పుస్తకం తెరవనేలేదు.

ఫాదర్ గారు కుర్చీలోంచి లేచారు. "మగవాళ్ళెవరూ దొరకనప్పుడు ఆడమనిషి బదులు చెప్పొచ్చు, పాత నియమంలోనే ఉంది. బలిపీఠం దగ్గరికి మాత్రం రాకూడదు. నీ చోట మోకరించి గట్టిగా చెప్పు. ద్రాక్షారసం, నీళ్ళు నేనే తీసుకుంటాలే."

తొమ్మిదింటికి పూజ మొదలైంది. కొంగు నెత్తిన కప్పుకుని మోకాళ్ళ మీద ఉన్నాను. ఆయన వీపు, నల్ల వస్త్రం మీద తెల్ల సిలువ, అంతే కనపడేది. చాలాసేపు మాటే వినపడదు, పెదాలు కదపడమే. నా వంతు వచ్చినప్పుడల్లా బుడ్డోడి రాత మీద వేలుపెట్టి చదివాను. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. వాడు నేర్పిన మాటలతోనే వాడి కోసం దేవుణ్ణి అడుగుతున్నా, ఎందుకు తడబడాలి?

చివర్లో తప్పు చేశాను. వాడి పుస్తకంలో ఆఖరున గురువుగారి ఆశీర్వాదం ఉంది. తల వంచుకుని ఎదురుచూస్తున్నా. ఆయన ఇవ్వకుండానే చివరి సువార్త చదవడానికి పక్కకి వెళ్ళిపోయారు. పెద్దాయన మర్చిపోయారనుకుని, "ఫాదర్ గారూ, ఆశీర్వాదం!" అని అరిచేశాను. ఆయన తిరగలేదు. ఖాళీ పాడె చుట్టూ తిరిగి పవిత్రజలం చల్లి, ధూపం వేసి, అంతా అయ్యాక నా దగ్గరికొచ్చారు.

"మీవాడు నీకు మామూలు పూజ రాసిచ్చాడమ్మా. చనిపోయినవాళ్ళ పూజలో బ్రతికున్నవాళ్ళకి ఆశీర్వాదం ఉండదు. ఈ పూజ అంతా అతనిదే. మనకేమీ మిగుల్చుకోం."

అప్పుడు ఏడ్చాను. ఏడాదిలో ఎంతోమంది నన్ను ఓదార్చారు. నాకు కావలసింది ఓదార్పు కాదని ఆరోజు తెలిసింది. నా వాటా కూడా తీసి వాడికి పెట్టే చోటు కావాలి, అది దొరికింది.

మార్తమ్మ అన్నం, పప్పు, మామిడికాయ పచ్చడి వడ్డించింది. రెండు ముద్దలు కెలికి లేవబోయాను. వాడు పోయినప్పటినుంచీ అంతే తింటున్నా. ఫాదర్ గారు చూసి, "ఉపవాసం పూజ ముందే, తర్వాత లేదు. మేత్రాణుల మాట విన్నావుగా, నా మాట కూడా విను. కూర్చో" అన్నారు. కూర్చున్నాను. మళ్ళీ వడ్డించుకుని తిన్నాను.

స్వర్గానికి వెళ్ళేముందు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మలకి మన ప్రార్థన చేరుతుందని మా అమ్మ చెప్పేది, నేను చిన్నప్పుడు ఊరికే తలూపేదాన్ని. ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నా. కొడుకు పోతే తల్లికి ఇక పని లేదనుకున్నాను. ఉంది. రోజూ ఉంది. అనుమతి కోసం ఏడాది ఆగినందుకు బాధ లేదు. తలెత్తుకుని చేయించాను, ఎవరూ కాదనలేని పూజ అది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సంగతి చెబుతా: అనుమతి ఉత్తరంలో ఉన్న తేదీ చూసుకుని, బదులు చెప్పేవాళ్ళని ఇద్దర్ని మాట్లాడుకోండి, ఒకరు రాకపోయినా పూజ ఆగదు. ఇది చదివే మీరు కూడా ఎవరినో పోగొట్టుకుని ఉంటే, ప్రార్థన చెయ్యండి, తర్వాత కంచం ముందు కూర్చుని కడుపునిండా అన్నం తినండి.