పూలరేకులు తీసేశాక

జయపురంలో నేను పెళ్లిళ్లకు కెమెరా పట్టే రోజుల్లో, మా స్టూడియోలో ఎడిటింగ్ చేసే అక్క ఒకామె ఉండేది. ఏ దృశ్యాన్నీ కుదురుగా ఉండనిచ్చేది కాదు. పెళ్లికూతురు తల ఎత్తేలోగా తెర గిర్రున తిరిగేది, తాతగారు నవ్వేలోగా పూలరేకులై రాలిపోయేవారు. కుర్చీలో ఆమె మోకాలూ ఆడుతూనే ఉండేది. "ఆగితే సూసేవోలు లేసెల్లిపోతారు" అనేది.

ఒకరోజు కల్యాణసింగ్‌పూర్ నుంచి ఒక రైతు వచ్చాడు. అతని పెళ్లికి కెమెరా పట్టింది నేనే. తన పెళ్లయిన కొన్నాళ్లకే తల్లి పోయిందట.

"మాయమ్మ ఇలా కనిపించీసరికి పూలైపోతంది. ఆ పూలు తీసెయ్యమ్మా" అన్నాడు.

అక్క అసలు వీడియో ఉందో చెరిపేశామోనని కంగారుగా పాత డిస్కులన్నీ వెతికింది. దొరికాక దాన్ని పాట వెయ్యకుండా, ఎక్కడా కత్తిరించకుండా నడిపించింది. వంటల దగ్గర నిలబడ్డ ఆ తల్లి కెమెరా వైపు తిరిగి, "నువ్వు తిన్నావేటి బాబూ?" అంది.

అడిగింది నన్నే. మేం వేసిన పాట కింద పడి వీడియోలో ఆ మాట ఇన్నాళ్లూ ఎవరికీ వినపడలేదు.

"అమ్మ గొంతు" అన్నాడు రైతు.

అక్క గబుక్కున లేచి వీధిలోకి వెళ్లింది. అంతలోనే తిరిగొచ్చి, కూర్చోలేక నిలబడే అడిగింది.

"ఇంకోపాలి ఎయ్యమంటారా?"

ఆయన తెర మీంచి కళ్లు తీయకుండానే తలూపాడు.