మా గల్లీలో తెలుగువాళ్లు లేరట

సూరత్‌లో మేముండే గోడాదరాలో తెలుగువాళ్లే లేరని ఒక పెద్దమనిషి నా మొహం మీదే చెప్పాడు. మా గల్లీలో తెల్లారిందంటే కుళాయి దగ్గర తిట్లు కూడా తెలుగులోనే మొదలవుతాయి. అయినా లేరట!

మా అమ్మాయి తెలుగు బడిలో నాలుగో తరగతి. ఆ బడి మూసేస్తారని విని మేం నలుగురు ఆడవాళ్లం బడుల ఆఫీసుకు వెళ్లాం. అక్కడి అధికారి ఒక పటం తీసి బల్ల మీద పరిచాడు. సూరత్ చుట్టూ ఏ పేటలో, ఏ తాలూకాలో ఏ భాషవాళ్లు ఉన్నారో రంగు చుక్కలు పెట్టారు. తెలుగుకు పచ్చరంగు. గోడాదరాలో ఒక్క పచ్చ చుక్క లేదు. మా చుట్టాలు మగ్గాలు నడిపే కడోదరా, పల్సానా వైపు కూడా అంతే.

"బచ్చే కహాఁ సే ఆయేంగే, బెహన్?" అని నవ్వాడు. పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చాక అసలు సంగతి అర్థమైంది. ఆ పటం కోసం ఇంటింటి లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లకు మేమంతా హిందీలోనే జవాబిచ్చాం. చేతిలో ఫైలున్న మనిషి కనబడితే చాలు, మా నోటికి హిందీ వచ్చేస్తుంది. అదే మర్యాద అనుకుంటాం. ఇంట్లో ఏం మాట్లాడతారని వాళ్లు అడగనూ లేదు, విన్నది రాసుకుపోయారు. ఆ రోజు గల్లీ అందరి తరఫునా ముందుకెళ్లి గలగలా మాట్లాడింది ఎవరనుకున్నారు? నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గంతా నవ్విన ఆ అధికారి మీద కసిగా మారింది.

మళ్లీ లెక్క రాయాలని అర్జీ పెట్టాం. ఈసారి ఆయనే వస్తాడని తెలియగానే ఇంటింటికీ తిరిగాను.

"హిందీల ఒక్క ముక్క మాట్లాడిన్రంటే, ఇగ నాతోని మాట్లాడకున్రి."

"గిట్ల జేస్తే సాబ్‌కు కోపమొస్తది గదనే," అంది మా అత్త.

"రానియ్యి అత్తా. నాకు రాలేదా ఏంది?"

ఎండ మాడ్చేస్తున్న రోజు వచ్చాడు. మొదటి ఇంట్లో తెలుగు, రెండో ఇంట్లో తెలుగు. నన్ను గుర్తుపట్టి, హిందీలో చెప్పమని బతిమాలాడు.

"ఏమంటున్నవో సమజైతలేదు సారూ," అన్నాను.

దిక్కులేక, తాను మూయించబోయిన బడి పంతులమ్మనే పిలిపించుకున్నాడు. ఆవిడ హిందీలో చెబుతుంటే ఇల్లిల్లూ రాశాడు. ప్రతి గడప దగ్గరా కాగితంలో తలదూర్చి, తెలుగు అని రాశాడో లేదో ఆవిడతో చదివించుకుని మరీ కదలనిచ్చాను.

మా ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఇంతమంది ఉండగా బడి మూయడం కుదరదని పంతులమ్మతో గొణిగాడు. నా గుండె కుదుటపడింది. కోపం మాత్రం తగ్గలేదు.

"పానీ," అన్నాడు గుమ్మంలో కూలబడి. మా అత్త లేవబోతే చెయ్యి పట్టి ఆపాను. ఆయన పంతులమ్మ వైపు చూశాడు. ఆవిడ ఆ మాట తెలుగులో మెల్లగా చెప్పింది.

"మంచినీల్లు," అన్నాడు.

వినబడలేదన్నాను. ఇంకోసారి అన్నాక చెంబు ఇచ్చాను.