ఆదివారం బల్ల మీదికి రెండు పుస్తకాలు

సార్ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను టేకులపల్లి అవతల నా ట్రాలీ బండికి జామాయిల్ కర్ర ఎత్తిస్తున్నాను. ఫోను చేసింది ఆదివారాలు ఆయన ఇంట్లో మాతో ఆడే నర్సమ్మ. "అన్నా, సార్ పొద్దున పోయిండ్రు. నిద్రలోనే" అంది. లోడు సగంలో ఉంది. మిగతాది ఎత్తించి, తాడు బిగించి సారపాక బయల్దేరాను. సగం లోడుతో పరిగెత్తుకొచ్చానంటే ఆయనకు నచ్చేది కాదు.

ఆయన నాకు బంధువు కాదు, బడిలో చదువు చెప్పినవారూ కాదు. పేపరు మిల్లులో కాగితం నాణ్యత చూసే పని చేసి రిటైరైన మనిషి. నాకు ఒక ఆట నేర్పారు. బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. ఒకరు కథ నడిపిస్తారు. మిగతా ముగ్గురిలో ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దారి చూపే వేటగాడు. ఎదురుగా రాక్షసి ఉంటే ఏం చేస్తావో నీ పాత్ర తరఫున నువ్వే చెప్పాలి. చెప్పింది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మా ఊళ్లో ఈ సంగతి చెబితే, పెళ్లాం పిల్లలున్నవాడికి ఇదేం పని అన్నట్టు చూస్తారు.

ఒక ఆదివారం బీరువా దించడానికి ఆయన ఇంటికి వెళ్లాను. బల్ల మీద చేత్తో గీసిన పటం ఉంది. అందులో ఏరు గుట్ట మీదికి ఎక్కుతోంది. ఆ మాటే అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. రబ్బరు, పెన్సిలు నా చేతిలో పెట్టి, "అయితే ఎటు పారాల్నో నువ్వే గీయి" అన్నారు. గీశాను. నేను వేటగాణ్ని అయింది ఆ రోజే.

ఆయన, నర్సమ్మ చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం ఆట మొదలయ్యేది. మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే కుర్రవాడు డ్యూటీ లేని వారాల్లో వచ్చేవాడు. మాది ములకలపల్లి వైపు అడవి పల్లె. మా దగ్గర కొత్త పండుగ చేసేదాకా మామిడికాయ ముట్టం. ఒకసారి నేను మామిడికాయ పచ్చడి పక్కన పెట్టడం చూసి సార్ ఎందుకని అడిగారు. ఆ తర్వాత ఏ ఏడాదీ, మా పండుగ అయిందని నేను చెప్పేదాకా, ఆయన ఇంట్లో ఆదివారం భోజనంలో మామిడికాయ కనపడలేదు.

ఆట నియమాల పుస్తకం ఇంగ్లిషులో ఉండేది. సార్ చదువుకుని మాకు తెలుగులో చెప్పేవారు. ఆ పుస్తకానికి అనుబంధాలు చాలా ఉంటాయట. హైదరాబాదులో నర్సమ్మ బంధువొకాయన తన పాతవి అమ్ముతున్నాడంటే రెండు తెప్పించింది. ఒకటి ఉంచుకుని ఒకటి తిప్పి పంపాలని మాట. ఒకటి ఆడేవాళ్ల కోసం: కొత్త మంత్రాలు, కొత్త విద్యలు. ఎవరికి కావలసినవి వాళ్లే చదివి ఎంచుకోవాలి. రెండోది కథ నడిపేవారి కోసం: కొత్త రాక్షసులు, పాడుబడ్డ కోటలు. దాన్ని సార్ ఒక్కరు చదివితే చాలు.

నర్సమ్మ, ఎలక్ట్రీషియన్ మొదటిదే కావాలన్నారు. నేను బొమ్మలు తిరగేస్తూ కూర్చున్నాను. నేను తెలుగు మీడియంలో పది దాకా చదివాను. ఇంగ్లిషంటే లారీల మీది పేర్లు కూడబలుక్కోవడమే. ఆ పుస్తకం కొంటే నా సంగతి అందరికీ తెలిసిపోతుంది. అంతకంటే ముందే ఆట మానేద్దామనుకున్నాను.

సార్ రెండు పుస్తకాలూ తీసుకుని, పేజీల మూలలు వేళ్ల మధ్య రుద్ది, వెలుతురుకు పట్టి చూశారు. ఆడేవాళ్ల పుస్తకాన్ని పక్కన పెట్టారు. కాగితంలో నిలువుగా ఉండాల్సిన పీచు అడ్డంగా ఉందట. వానాకాలం రాగానే పేజీలు అలలు లేస్తాయట.

"మనం చదువుకోటానికి కొంటున్నం గద సార్. పెండ్లి కార్డులు కొట్టియ్యటానికా?" అంది నర్సమ్మ.

"కాగితం సంగతి నాకిడిసిపెట్టు తల్లీ" అన్నారాయన. కాగితం విషయంలో ఆయన మాటకు సారపాకలో ఎవరూ ఎదురు చెప్పరు.

ట్రాలీ ఉందని తిప్పి పంపే పని నాకు అప్పజెప్పారు. భద్రాచలం బస్టాండులో పార్సిలు ఇవ్వబోతూ ఆగాను. పీచు ఎటుందో చూసే పద్ధతి ఆయనే ఒకసారి నేర్పారు. పేజీని నిలువుగా వంచాలి, అడ్డంగా వంచాలి. ఏ వైపు సులువుగా వంగితే పీచు ఆ వైపు ఉన్నట్టు. వంచి చూశాను. పీచు సరిగ్గానే ఉంది. పుస్తకం బండిలో వేసుకుని వెనక్కి వచ్చాను.

ఆయన పెరట్లో టీ గ్లాసులు కడుగుతున్నారు.

"సార్, పీచు సరిగనే ఉన్నది" అన్నాను.

"అవ్. సరిగనే ఉన్నది."

"మరి గట్లెందుకు చెప్పిన్రు?"

గ్లాసు బోర్లించి చేతులు తుడుచుకున్నారు. "నువ్వు పేజీ చూడవు, బొమ్మ చూస్తవు. ఎన్ని వారాల సంది చూస్తున్న. అది కొంటే నువ్వు రావు. పుస్తకం కాకపోతే ఇంకోటి దొరుకుతది. మనిషి పోతే ఆ కుర్చీల ఎవర్ని కూసోబెట్టాలె?"

నాకు కోపమే వచ్చింది. ఏళ్ల తరబడి సంపాదించుకున్న మాటను నా కోసం ఒక అబద్ధానికి వాడారు. అడిగి ఉంటే నేనే చెప్పేవాణ్ని కదా అనుకున్నాను. చెప్పేవాణ్ని కాదని ఇంటికి తిరిగి వెళ్తుండగా తెలిసింది.

మరుసటి ఆదివారం ఆ పుస్తకాన్నే బల్ల మీద పెట్టి, నాకు ఇంగ్లిషు చదవరాదని చెప్పాను. ఇదే ఉంచుదాం, ఎవరైనా చదివి చెప్పండి అన్నాను. అప్పుడు ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకున్నాడు.

"నాకు గూడ సగమే వస్తదన్నా. అందుకే ప్రతిసారి నిప్పు మంత్రమే ఏస్తున్న. నేను చదివింది ఆ ఒక్క పేజీనే."

"అదా సంగతి. నాలుగు నెలల సంది అడవంత తగలబెడుతుంటే, ఈనికి ఏం పగ ఉన్నదో అనుకున్న" అంది నర్సమ్మ.

సార్ దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత కాగితం బాగానే ఉందని, తానే అబద్ధమాడానని ఒప్పుకున్నారు. రాక్షసుల పుస్తకం హైదరాబాదు వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆటకు ముందు సగం పేజీ పైకి చదవడం మొదలైంది. వారానికొకరి వంతు. సార్ పెట్టిన షరతు ఒక్కటే: "అడగంగనే చెప్పాలె. అడగందే మాట అందియ్యొద్దు." నర్సమ్మకు ఇది కష్టంగా ఉండేది. పెదవులు బిగబట్టుకుని కూర్చునేది. మొదట్లో నాకు సగం పేజీకి అరగంట పట్టేది. ఇప్పటికీ త్వరగా చదవలేను. కానీ దవాఖానాలో ఇచ్చిన కాగితం చదివి, అందులో ఏముందో మా అమ్మకు నేనే చెబుతున్నాను.

ఆయన్ని మట్టి చేసిన సాయంత్రం మేము ముగ్గురం ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆట మాట ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఆయన ఉన్న చివరి ఆదివారం గురించే ఆలోచిస్తున్నాను.

ఆ రోజు చదివే వంతు నాది. ఆయనకు ఆయాసంగా ఉంది. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. మూడో వరుసలో ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయాను. ఎవరినీ అడగలేదు. ఎలక్ట్రీషియన్ లేచి, చప్పుడు లేకుండా ఫ్యాను ఆపి వచ్చాడు. ఆ మాట కింద వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కలుపుతున్నాను. సార్ కళ్లు తెరవలేదు. తల మాత్రం నా వైపు కొంచెం తిప్పారు. ఆట మొదలుపెట్టడానికి పాచికలు అప్పటికే నర్సమ్మ చేతిలో ఉన్నాయి. ఆమె గుప్పిట విప్పకుండా, కదపకుండా, బల్ల మీద ఆనించి కూర్చుంది.