ఆ టిక్కు పెట్టిన వేలు

మొన్న కల్లూరులో మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ చూడమని నా ఒళ్ళో పెట్టింది. నేను దాన్ని ఎడమకు తిప్పి, కుడికి తిప్పి, చివరికి బోర్లా వేసి కూడా చూశాను. డిస్కు పెట్టే అర ఎక్కడా లేదు. ఏం వెతుకుతాండావు నాయనా అని అడిగితే చెప్పాను. ఇప్పుడు డిస్కులు ఎవరు పెట్టుకుంటారు, అంతా పైనుంచే వస్తాది కదా అని నవ్వింది. పైనుంచి అంటే యాడి నుంచి, వాళ్ళబ్బ ఇంటి అటక మీద నుంచా అని కసిరాను. పాపం, దాని తప్పేమీ లేదు. డిస్కు అన్న మాట వింటే చాలు, నాకు పదిహేనేండ్ల నాటి కోపం లేచి వస్తుంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర లేదు, డిస్కుల కాలమని ఒకటి నడిచింది. కర్నూల్లో బస్టాండు వెనక సందులో, ఒక పక్క టైలరు సాయిబు, ఇంకో పక్క సోడా బండి, వాటి నడుమ ఒక మంచం పట్టేంత గది నాది. సినిమా డిస్కులు బాడుగకు ఇచ్చేవాణ్ణి, అడిగినవాళ్ళకు కాపీ కొట్టి ఇచ్చేవాణ్ణి. అది దొంగపనే, ఈ వయసులో కాదని బుకాయించను. కానీ నిజంగా దుడ్లు పెట్టి ఒరిజినల్ కొన్న మనిషిని ఆ కంపెనీలు చూసిన చూపు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. డిస్కు పెట్టగానే, కాపీ కొట్టడం నేరం, జైలుకు పోతావు అని ఒక బోర్డు వచ్చి నిలబడేది. రిమోటు మీద ఎంత నొక్కినా అది కదిలేది కాదు. కొన్నవాడు కూర్చొని ఆ తిట్లన్నీ పడాల. నా దగ్గర కాపీ తీసుకున్నవానికి మాత్రం ఆ బోర్డే ఉండదు, నేరుగా సినిమా! దొంగను వదిలేసి దొరను కట్టేసే న్యాయం ఇది.

ఆ డిస్కులకు లాకు వేసేవాళ్ళు. కంప్యూటర్లోకి ఎక్కిద్దామంటే మెషిను మూలిగి మూలిగి ఆగిపోయేది, లేదా బొమ్మంతా గళ్ళు గళ్ళుగా చెదిరి వచ్చేది. మా బామ్మర్ది హైదరాబాదు నుంచి లాకు తీసే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చిచ్చాడు. దాన్ని చేతికి తీసుకున్న రోజు నుంచి నాకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు. ఏ కంపెనీ లాకైనా సరే, టీ తాగి వచ్చేలోపల ఊడి పడేది. కడప నుంచి, నంద్యాల నుంచి కూడా అంగళ్ళవాళ్ళు, ఏమప్పా, ఇది నీకైనా కదులుతాదా అంటూ మొండి డిస్కులు మోసుకొని వచ్చేవాళ్ళు. నేను మీసం మీద చెయ్యి వేసుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ టిక్కు సంగతి చెప్పాల. కంపెనీ డిస్కులో ఉన్న సరుకు మేము వాడే చౌక డిస్కులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే పట్టేది. అందుకని ఆ సాఫ్ట్‌వేరులో చిన్న గడి ఒకటి పెట్టారు. దాంట్లో టిక్కు కొడితే సినిమా ఒక్కటే వస్తుంది. మొదట్లో కనబడే మెనూ, పాటలు తీసిన వైనం, డైరెక్టరు గొప్పలు, సినిమాలో నుంచి కోసేసిన సీన్లు, ఇవన్నీ వదిలేస్తుంది. కర్నూల్లో వాటిని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నేను వాటిని తౌడు అనేవాణ్ణి. బియ్యం అమ్మేవాడికి తౌడుతో పనేమి? రోజుకు అన్నిసార్లు టిక్కు కొట్టీ కొట్టీ, కన్ను చూడకముందే వేలు పోయి ఆ గడి మీద పడేది.

మా నాయన కమలాపురం దగ్గర పల్లెలో సేద్యం చేసేవాడు. ఎండాకాలం పనులు లేనప్పుడు నాటకాలు ఆడేవాడు. రాజు వేషం కట్టి, హార్మోనియం శ్రుతి అందుకొని రాగం తీస్తే చివరి వరసలో నిద్రపోయే ముసలమ్మ కూడా లేచి కూర్చునేది. అట్లాంటి మనిషి అరవై దాటాక, మా పక్క కొండరాళ్ళ నడుమ షూటింగుకని సినిమా వాళ్ళు వచ్చి, ముసలి రైతు వేషానికి ఆయన్ను తీసుకున్నారు. ఒకే సీను, మూడు నిమిషాలు. బండ మీద కూర్చొని హీరోతో వాన గురించి మాట్లాడాల. రాసిచ్చిన మాటలు పక్కన పెట్టి మీ మాటల్లోనే చెప్పు పెద్దాయనా అన్నారట. వాన రాదని తెలిసీ విత్తనం దాచిపెడతాండాం అప్పా, అదే మా రోగం అని చెప్పినానని, మా నాయన నెల పొద్దులు చెప్పుకున్నాడు.

సినిమా వచ్చింది. ట్రాక్టరు కట్టుకొని బంధుబలగమంతా కడపకు పోయాము. పేర్లు పడ్డప్పటి నుంచి శుభం పడేదాకా కళ్ళు ఆర్పకుండా చూశాము. మా నాయన లేడు! సీమ అంటే వీళ్ళకు తెల్లచొక్కాలు, కత్తులు, గాల్లోకి లేచే జీపులు. వాటికి గంట కావాలన్నా ఇస్తారు. ఒక రైతు మూడు నిమిషాలు వాన గురించి మాట్లాడితే మాత్రం కథ నిలబడిపోతుందట. కోసేసుకో, నీ సినిమా నీ ఇష్టం. ఒక కార్డు ముక్క రాసి, పెద్దాయనా, నీ సీను తీసేసినాము అని చెబితే నీ సొమ్మేం పోతుంది? వాళ్ళ నోట్లో మన్ను బడ! ట్రాక్టరు దిగుతుంటే మా చిన్నాయన అందరికీ వినబడేటట్టు అన్నాడు. "ఏమన్నా, నీ సీను ఇంటర్వెల్లో వచ్చింటుందిలే. మేం టీకి పోతిమి." ఆ మాట ఊర్లో పాట అయిపోయింది. పెండ్లిలో, పేరంటంలో, చావింట్లో కూడా ఎవరో ఒకరు దాన్ని తీసేవాళ్ళు. షూటింగే జరగలేదు, ముసలాయన కల్పించుకున్నాడు అనేదాకా పోయింది. ఆ తర్వాత మా నాయన స్టేజీ ఎక్కలేదు.

కొన్నేండ్లకు ఆ సినిమా డిస్కు నా అంగడికి వచ్చింది. ఆడని సినిమా, డిస్కులు కూడా తక్కువే వేసినట్టున్నారు. కాపీ కొడదామని పెడితే ఆ రోజు కంప్యూటరు మెనూ దగ్గరే మొరాయించింది. విసుగుతో ఏదో నొక్కితే కోసేసిన సీన్ల పట్టిక తెరుచుకుంది. నాలుగో దాంట్లో మా నాయన, బండ మీద. సినిమాకు వేరేవాళ్ళ గొంతులు అతికిస్తారు కదా, కోసేసిన సీనుకు ఆ ఖర్చు ఎవరు పెడతారు? అందుకని అక్కడి గాలితో సహా మా నాయన సొంత గొంతే ఉంది. నేను అంగడి మూసి, ముఖం కడుక్కోకుండానే బస్సెక్కి కమలాపురం పోయాను.

ఆయన చూసుకున్నాడు. అమ్మ చూసింది. రెండోసారి పెట్టమన్నాడు, మూడోసారి పెట్టమన్నాడు. తర్వాత టీవీ ఆపి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. చిన్నాయన కూతురి కాన్పుకని ఊరు విడిచి పోయున్నాడు. వాడు రానీ, పీర్ల పండక్కు ఊరంతా చేరతాది, అందరికీ ఒకే తూరి చూపిద్దామన్నాడు. ఆ ముఖంలో అంత పట్టుదల నేను చూడలేదు. సరేనన్నాను.

కానీ ఆయన ఊరుకుంటాడా? తలుపేసుకొని రోజూ పెట్టుకొని చూసేవాడు. మా ఊరి దుమ్ము సంగతి తెలుసు కదా, దాన్ని పంచె కొంగుతో గుండ్రంగా తుడిచేవాడు. నేను మళ్ళీ పోయేసరికి డిస్కు నిండా గీతలు, బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. భయపడి కర్నూలుకు తెచ్చాను. ఇంకా ప్రాణముంది, మెషిను చదువుతోంది. లాకు ఊడింది. కాపీ వచ్చింది. మొదలు చూశాను, నడుమ చూశాను, బాగుంది. ఒరిజినల్‌ను మళ్ళీ నాయన చేతికిస్తే దాన్నే పెట్టి ప్లేయరు కూడా పాడు చేస్తాడని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, పాడైన డిస్కుల సంచిలో వేశాను. ఆ సంచి మా చిన్నాయనే అడిగినాడు. జొన్నచేను పాలకంకి మీద ఉంది, దారానికి గుచ్చి వేలాడదీస్తే ఆ తళుకుకు పిట్టలు బెదురుతాయని. ఊరికి పోయే మనిషి చేత పంపించాను. కాపీని మాత్రం పండగదాకా నా దగ్గరే పెట్టుకున్నాను.

సాయిబులతో పాటు ఊరంతా పీర్లు ఎత్తుకునే ఊరు మాది. పండగనాటి పొద్దున టీవీ తెచ్చి వసారాలో పెట్టాము. మా నాయన గడ్డం చేయించుకొని, చలవ పంచె కట్టుకొని వచ్చాడు. చిన్నాయనను పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను కాపీ పెట్టాను. మెనూ రాలేదు. నేరుగా సినిమా పేరు పడింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నడిబజార్లో గుడ్డలూడదీసినట్టయింది. లేదని తెలిసి కూడా రిమోటు నొక్కుతూ ముందుకు పరిగెత్తించాను, వెనక్కు లాగాను. టిక్కు. ఆ పాడు టిక్కు! ఊర్లోవాళ్ళ డిస్కులకు కొట్టినట్టే మా నాయన డిస్కుకూ కొట్టాను. అక్కరకు రాని సినిమా రెండున్నర గంటలు భద్రంగా దాచి, మా నాయనను తౌడులో పారబోశాను. "ఏమన్నా, ఈ తూరి కూడా ఇంటర్వెల్లోనేనా?" అన్నాడు చిన్నాయన. జనం గొల్లుమన్నారు.

మా నాయన నా వైపు ఒక్కసారి చూశాడు. ఏం జరిగిందో ఆయనకు తెలియదు, నా వల్ల జరిగిందని మాత్రం అర్థమైంది. తమ్ముని వైపు తిరిగి, "వాణ్ణేమీ అనొద్దబ్బీ. నేనే తీసేయమంటి. ఇంతమంది ముందర నా మొగం నేను చూసుకోవాలంటే సిగ్గయితాది" అన్నాడు. ఇరవై ఏండ్లు రాజు వేషం కట్టిన మనిషికి సిగ్గట! ఒక్కరూ నమ్మలేదు. ఇంకా నవ్వారు. వాళ్ళతో పాటు ఆయన కూడా నవ్వి, అందరికీ షర్బత్తు ఇయ్యమని అమ్మకు చెప్పాడు.

నేను చేనికి పరిగెత్తాను. దారాల మీద వందకు తక్కువ లేవు, అన్నీ గాలికి తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ పట్టుకొని చూసుకుంటూ పోతే నడి చేలో దొరికింది. ఎండకు మెరుగు పొరలు పొరలుగా లేచిపోయి, వెనక నుంచి ముందుకు వెలుతురు కనబడుతోంది. అయినా తెచ్చి కర్నూల్లో మూడు రోజులు దానితో కుస్తీ పట్టాను. ఆ సాఫ్ట్‌వేరు దాన్ని డిస్కుగానే ఒప్పుకోలేదు. ఇంకో ఒరిజినల్ కోసం కడప, అనంతపురం, హైదరాబాదు, తిరగని అంగడి లేదు. కంపెనీకి జాబు రాస్తే జవాబు లేదు. రెండేండ్లకు మా నాయన పోయాడు. పాడె లేపే ముందర కూడా ఎవడో ఆ ఇంటర్వెల్ మాట గొణిగితే నేను వాని చొక్కా పట్టుకున్నాను, నలుగురు విడదీయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ సినిమా ఫోన్లో వస్తోంది. అద్దంలా ఉంది బొమ్మ. లాకు తీసే పని లేదు, గీతలు పడవు, దుమ్ము అంటదు. కానీ సినిమా ఒక్కటే. లోకమంతటికీ కలిపి ఎవడో ఒక్కసారే ఆ టిక్కు కొట్టేశాడు, కొట్టినట్టు కూడా ఎవరికీ తెలియదు. రేపు వాళ్ళకు ఇష్టం లేని ఇంకో సీను తీసేసినా మన ఇంట్లో మనకు తెలియదు. మా కాలంలో పోగొట్టుకునేదానికైనా చేతిలో ఒక వస్తువు ఉండేది, తిట్టుకునేదానికి మన చెయ్యే ఉండేది.

పోయిన వారం మా మనవరాలు, జేజినాయన సినిమాలో ఏమన్నాడో చెప్పు తాతా అని పట్టుకుంది. మా నాయనను అది జేజినాయన అంటుంది. బాసింపట్టు వేసుకొని కూర్చొని, వాన రాదని తెలిసీ అని ఎత్తుకున్నాను. నా గొంతే వచ్చింది. మళ్ళీ అన్నాను, ఇంకా గట్టిగా అన్నాను. ఆ గాలి, ఆ నిదానం, ఆ చివర కాస్త నవ్వు, ఒక్కటీ రాలేదు. అరుస్తాండావు తాతా, జేజినాయన కూడా ఇట్లే అరిచేవాడా అని అడిగింది పిల్ల. లేదమ్మా, అరవలేదు అన్నాను. ఆ పీర్ల పండగనాడైనా నా మీద అరిచి నాలుగు తన్ని ఉంటే బాగుండేది. అరవలేదు.