స్లీపర్ల పొట్టు

నాకు బద్ధకం ఎక్కువ, దానికి తోడు కోపం. ఈ రెండూ కలిసి ఒక వానరోజు నా చేత చేయించిన పని గురించి ఇంతవరకూ ఎవరికీ రాసి చెప్పలేదు.

తొంభైల చివర్లో సంగతి. బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టరు అప్పటికే నా పేరుకు మారింది. నేను రైల్వే ఆఫీసులో టైపిస్టుని. నాన్న ట్రాక్ మేస్త్రీగా చేసి అంతకు ముందు ఏడాదే రిటైరయ్యాడు. అమ్మకు లివర్ పూర్తిగా పాడైంది. “ఇంటికి తీసుకెళ్ళి, ఆవిడ తినగలిగింది పెట్టండి,” అన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం నాన్నకు తెలుసు. తెలియనట్టే ఉన్నాడు.

అప్పుడే వ్యవసాయ కాలేజీలో పనిచేసే తెలిసినాయన ఒకరు రంపపు పొట్టు మీద పెంచే మందు పుట్టగొడుగు గురించి చెప్పాడు. చెక్కలా గట్టిగా ఉంటుందట, పైన ఎర్రగా లక్క పూసినట్టు మెరుస్తుందట. ఎండబెట్టి కషాయం కాచుకుంటారు. “జబ్బు నయమవుతుందని నేననను. కాస్త ఓపిక వస్తే రావచ్చు,” అని ఆయన ఉన్నమాటే చెప్పాడు. నాన్న చెవికి రెండో సగమే ఎక్కింది. గోధుమ గింజల మీద పెంచిన విత్తనం రెండు సీసాలు తెచ్చుకున్నాడు. మళ్ళీ కావాలంటే వచ్చే ఏడాదే.

పని శ్రద్ధగా నేర్చుకున్నాడు. పొట్టు తడిపి తవుడు కలిపి, పిడికిట్లో పిండితే చుక్క రాలీ రాలనట్టు ఉండాలి. దాన్ని పాలిథిన్ సంచుల్లో కూరి, మూతికి దూది పెట్టి, ఇనప డ్రమ్ములో ఆవిరికి ఉడికించాలి. చల్లారాక విత్తనం వేసి చీకటి గదిలో ఉంచితే సంచంతా తెల్లటి బూజు అల్లుకుంటుంది. గొడుగు వచ్చేది ఆ తర్వాతే.

“సర్వీసంతా పట్టాల కింది స్లీపరు చెక్కలకి బూజు పట్టకుండా సూసినాను. ఇప్పుడు నేనే బూజు పెంచుతున్నాను, సూడు,” అన్నాడు అమ్మతో.

“అచ్ఛా, సంబరం! ముందు మొలవనీండి,” అంది అమ్మ. చాలా రోజులకు ఆవిడ మొహంలో నవ్వు చూశాను.

పొట్టు తేవడం నా వంతు. ఆ రోజు నాన్న అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తూ, దయాల్‌బంద్‌లో కోత మిల్లు నుంచి పొట్టు తెచ్చి తడిపి ఉంచమన్నాడు. నేను ఆఫీసులో పెద్ద గుమాస్తా చేత చీవాట్లు తిని వచ్చాను. బయట వాన. ఆ వానలో దయాల్‌బంద్ దాకా సైకిలు తొక్కాలంటే ఒళ్ళు మండింది. మా వెనక లైను క్వార్టర్లలో ఒకాయన వేలంలో కొన్న పాత చెక్క స్లీపర్లను మంచం కోళ్ళకు కోయిస్తున్నాడు. పట్టాల కింద సిమెంటు స్లీపర్లు వచ్చేశాక మా క్వార్టర్సులో సగం బల్లలు ఆ పాత చెక్కలతో చేసినవే. వసారాలో రంపం కింద పొట్టు కుప్పగా పడి ఉంది. అడిగి రెండు గోనెలు నింపుకొచ్చాను. నల్ల నూనె వాసన వేసింది. ఉడికితే పోతుందిలే అనుకుని తడిపి, తవుడు కూడా కలిపేశాను.

వానాకాలమంతా నాన్నకు జలుబు వదలదు. వాసన ఆయనకు తగల్లేదు.

“మిల్లుదేనా?” అని మాత్రం అడిగాడు.

“మరేటి, నేనేమైనా కోశానా?” అని కసిరాను.

ఇరవై సంచులు చేశాడు. అమ్మ రోజూ పొద్దున్నే మంచం మీంచి, “మొలిసిందేటి?” అని అడిగేది. నెల గడిచింది. గింజల చుట్టూ కాస్త తెల్లబడి, అక్కడే ఆగిపోయింది. నాన్న గది కిటికీకి తడి గోనె కట్టాడు. చేతులు స్పిరిట్‌తో తుడుచుకుంటే తప్ప సంచి ముట్టేవాడు కాదు. ఒక సాయంత్రం సంచుల ముందు గొంతుక్కూర్చుని, తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు:

“ఏ కర్రకైనా బూజు పడతాది. ఒక్క స్లీపరుకే పట్టదు, పట్టకుండా దానికి నూనె తాగిస్తాం గనక. మరి ఈ పొట్టుకేటైంది?”

ఆ నల్ల నూనె వాసన గుర్తొచ్చింది. అప్పుడు చెప్పాల్సింది. విత్తనం ఎలాగూ మళ్ళీ దొరకదు, చెప్పి ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లాభం, నష్టం ఏమీ కాదు. తిడతాడని భయం, అంతే. నా బుద్ధి గడ్డి తింది.

అమ్మ కార్తీకంలో పోయింది. సంచులన్నీ నాన్నే మోసుకెళ్ళి పారేశాడు. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరితో, “నా సెయ్యి మంచిది కాదు, ఒక్కటీ మొలవలేదు,” అనేవాడు. రెండు నెలలు ఆ మాట విన్నాను. ఒక మధ్యాహ్నం ఇద్దరమే అన్నం తింటున్నప్పుడు ఇక పడలేక చెప్పేశాను. వెనక లైను, స్లీపర్లు, నేను ఆడిన అబద్ధం, అన్నీ.

నాన్న ముద్ద కంచంలో పెట్టేశాడు.

“మీ యమ్మకి తెలుసా?”

“లేదు నాన్నా.”

“నా సెయ్యే మంచిది కాదని ఆవిడతో సెప్పీసినాను. ఆఖరి నెలంతా నన్నే ఓదార్చింది. ‘మీ తప్పేటీ లేదండీ, నాకు బాగానే ఉంది’ అని రోజూ అదే మాట. నేనెక్కడ కుమిలిపోతానో అని నొప్పి కూడా సెప్పుకోలేదు.” కంచం పక్కకు జరిపాడు. “నువ్వు సెప్పుంటే నిన్ను తిట్టుందును. ఆవిడ కరువుతీరా ఏడ్చుకునుండేది.”